నానమ్మ మోకాలికి తగ్గ ఇంజను

టంకం వేసే కడ్డీ వేడెక్కగానే లేచే పొగలో కొంత సాంబ్రాణి, కొంత మాడిన ప్లాస్టిక్ కలిసిన వాసన ఉంటుంది. మొన్న మా దీవిలోని మిన్నీ బేలో, మా ఇంటి ముందు మెకానిక్ నాన్న పాత కారు బానెట్ తెరిచి తీగలు అతికిస్తుంటే ఆ వాసన తగిలి, ముప్పై దాటిన మనిషినన్న సంగతి మరచిపోయి, బ్రూక్షాబాద్ ఎత్తు మీది మా చిన్ననాటి రేకుల ఇంటి వసారాలోకి వెళ్ళిపోయాను.

సముద్రం అవతలి మెయిన్‌ల్యాండ్ నుంచి బదిలీ మీద వచ్చిన ఒక పెద్దాయన ఓడలో తెచ్చుకుని, తిరిగి వెళ్తూ నాన్నకు అమ్మేసిన కారు అది. పొడుగాటి ఎర్ర బానెట్, ఆరు సిలిండర్లు, కార్బురేటర్ బదులు పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షన్, ఆ కొలతలన్నీ చూసుకునే చిన్న కంప్యూటర్ పెట్టె. ఓడ ఇంజన్ రూములో పనిచేసే నాన్న సెలవు దొరికితే చాలు, దాని కిందే పడి ఉండేవాడు. మమ్మల్ని కూడా అంత ప్రేమగా తుడవలేదని అమ్మ దెప్పేది. వాన రోజుల్లో పిల్లలం తలుపులు బిగించుకుని అందులో ఓడ ఆట ఆడేవాళ్ళం. స్టీరింగ్ పట్టినవాళ్ళు కెప్టెన్, వెనక సీట్లో వాంతులు నటించేవాళ్ళు ప్రయాణికులు.

నానమ్మకు కుడి మోకాలు వంగదు. ఆటోలో పట్టదు, బస్సు మెట్టెక్కలేదు. ఆ కారు ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపితేనే కాలు చాపుకుని కూర్చోగలిగేది. చర్చిలో ఆదివారం తెలుగు ఆరాధన అంటే ఆమెకు ప్రాణం. అందరికంటే పెద్దగా, అందరికంటే ఒక అడుగు వెనకగా పాడి, ఆరాధన అయ్యాక ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరి అబ్బాయికి ఓడలో ఉద్యోగం వచ్చిందో కనుక్కున్నాకే కదిలేది. అమ్మ వెనక సీట్లో నానమ్మ కర్ర, కీర్తనల పుస్తకం, టిఫిన్ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

దీవిలో అందరికీ ఉన్న అలవాటే మాకూ ఉండేది: బైబిలు, రేషన్ కార్డు, సర్టిఫికెట్లు, రేడియో, ఏది విలువైనదైతే దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టడం. ఉప్పుగాలి తగలకూడదని నాన్న కారు కంప్యూటర్‌ను కూడా మూడు కవర్లలో చుట్టి, టేపు వేసి, అంచులకు గ్రీజు పూశాడు. ఒక ఏడాది వానలు ముగిసే వేళకు కారు దగ్గి, తుమ్మి, చివరికి ఆగిపోయింది. కవర్లు విప్పితే లోపల నీళ్ళు. గాలి ఆడక పెట్టె చెమటపట్టి, పిన్నులన్నీ పచ్చగా చిలుం పట్టాయి. కాపాడదామని మేమే దానికి ఊపిరాడకుండా చేశాం.

ఐదు ఆదివారాలు నానమ్మ చర్చికి వెళ్ళలేదు. ఆరాధన వేళకు ఉతికిన తెల్లచీర కట్టుకుని వసారాలో కూర్చుని, ఒక్కతే పాడుకునేది. అది చూడలేక నేను పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. క్రిస్మస్ దగ్గరపడింది; ఇంట్లో అరిసెల పాకం ఉడుకుతోంది, వెదురు బద్దలకు రంగు కాగితం అతికించి నక్షత్రం కడుతున్నాం, నానమ్మ మాత్రం దేని గురించీ అడగడం లేదు.

నాన్నేమో ఇంజెక్షన్ పీకేసి కార్బురేటర్ పెడదామన్నాడు, స్క్రూడ్రైవర్‌తో బాగుచేసుకోవచ్చని. మెకానిక్ రఫీక్ భయ్యా ఒప్పుకోలేదు. పాత పెట్టె తీసేసి, మనకు కావలసినట్టు కొలతలు మార్చుకోగల కొత్త కంప్యూటర్ పెడదామన్నాడు. అతని ల్యాప్‌టాప్‌లో ఆ కొలతల రంగురంగుల గీతలు చూశాక నాన్న కార్బురేటర్ మాటే మరచిపోయాడు. ఇద్దరూ తలలు ఆనించి స్పీడు లెక్కల్లో పడ్డారు.

"టాప్ గేర్‌లో ఎగిరిపోద్ది, దేఖ్‌నా!" అన్నాడు రఫీక్ భయ్యా.

వసారాలోంచి నానమ్మ కర్ర నేలకేసి కొట్టింది. "యెగిరి సముద్రంలోకి ఎల్తావేట్రా? రోడ్డెంతుందని? యెత్తు మీద కుదుపు లేకండా యెక్కితే సాలు నాకు!"

రఫీక్ భయ్యా నవ్వి, గీతలన్నీ చెరిపి మళ్ళీ మొదలుపెట్టాడు. చల్లటి పొద్దున ఒక్క తిప్పుకే స్టార్ట్ అవ్వాలి, నెమ్మదిలోనే బలం ఉండాలి. పెట్టెను డాష్‌బోర్డు కింద గాలి తగిలేలా బిగించి, కవరు చుడితే ఊరుకోనని నాన్నను బెదిరించాడు. క్రిస్మస్ పొద్దున ఆ కారు చర్చి దారిలోని ఎత్తంతా ఒకే ఊపున ఎక్కింది. మొదటి కీర్తన అప్పటికే మొదలైంది. నానమ్మ గుమ్మంలోంచే అందుకుంది, ఎప్పటిలా ఒక అడుగు వెనకగా. నేను ఏడ్చాను, సంతోషంతోనే.

ఆ పెట్టె ఇన్నేళ్ళు పనిచేసి ఈమధ్యే అలిసిపోయింది. నానమ్మ లేదు, రేకుల ఇల్లు లేదు. ఇప్పటి పిల్లలు తెలుగు కీర్తనలను హిందీ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. నాన్న చౌల్దారీ పల్లెలో పోకచెట్లు పెంచుకుంటూ, కారు సంగతి నాకే వదిలేశాడు.

"దీదీ, పాత సెట్టింగే రఖ్‌నా హై, లేకపోతే స్పీడు పెంచి కొంచెం తేజ్ చేద్దామా?" అనడిగాడు మొన్న వచ్చిన ఆ కుర్ర మెకానిక్.

"పాతదే," అన్నాను, ఆలోచించకుండా.

"ఆగవే," అంది వెనక నుంచి అమ్మ. "మీ నానమ్మ కాలు కోసం ఇన్నేళ్ళూ వెనక సీట్లో నత్తలాగ తిరిగాను. ఇప్పుడు ముందు సీటు నాది. నాకు తేజ్‌గానే పెట్టించు."

మెకానిక్ నా వైపు చూశాడు. అమ్మకు స్పీడంటే ఇష్టమో కాదో ఇన్నేళ్ళలో మాలో ఎవరమూ అడగలేదు. సిగ్గేసింది, నవ్వొచ్చింది కూడా.

తేజ్‌గానే పెట్టమన్నాను.