పిడికెడు పిడికెడుగా కెర్నెల్

నేను రిటైరైన కొత్తలో చిత్తూరులోని మా ఇంట్లో, మెమరీ బాగా తక్కువున్న పాత కంప్యూటర్ ఉండేది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ దానికి బరువైంది. అందుకని అక్కరలేనివన్నీ తీసేసి, దానికి సరిపడే కెర్నెల్‌ను, అంటే సిస్టమ్ గుండెకాయను, వేల ప్రోగ్రాం ఫైళ్ల నుంచి నేనే కంపైల్ చేయడానికి కూర్చున్నాను. ఈసారీ పనిచేయకపోతే పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తానని మా ఆవిడ ముందే చెప్పింది.

త్వరగా తెమలాలని కంప్యూటర్‌ను ఒకేసారి నాలుగేసి ఫైళ్లు కంపైల్ చేయమన్నాను. సగంలో పని ఆగిపోయి, తెరమీద ‘కిల్డ్’ అని పడింది.

కంప్యూటర్‌తో పాటు వేస్తే ఫ్యూజు పోతుందేమోనని మిక్సీ వేయకుండా, రోట్లో ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి, నూరుతున్న ఆమె తొంగిచూసింది.

“ఎవుర్ని సంపేసినావు సామీ?”

“నేను కాదు. మెమరీ చాల్లేదు.”

“రోలు సిన్నదైతే పిడికెడు పిడికెడు ఏసి నూరల్ల. గంపంతా కుమ్మరిస్తే ఎట్ల?”

నవ్వుకుని, ఒక్కొక్క ఫైలే చేయమని మార్చాను. మరునాటికి కంప్యూటర్ కొత్త కెర్నెల్‌తో లేచింది. వీధిలో పాతసామాన్ల కేక వినబడితే, “మా ఇంట్లో ఏమీ లేదు, పో అప్పా” అని ఆమే పంపేసింది.

ఇప్పటి కంప్యూటర్ నాలుగేసి ఫైళ్లనూ ఒకేసారి చేసేస్తుంది. వంటింట్లో మిక్సీ కూడా ఆగదు. ఊరిబిండిలో ఆనాటి రుచి లేదని మాత్రం డైరీలో రాసుకుంటున్నాను, ఆమె చదవదనే ధైర్యంతో.