అక్కను పేరు పెట్టి పిలిచిన రోజు

మా అక్క పేరు హన్నా. హీబ్రూ మాట, కృప అని అర్థమట. పుట్టిన కొత్తలో చర్చిలో పాస్టరు పెట్టిన పేరు. అదే పేరు దేశదేశాలు తిరిగి ఒకచోట అన్నా, ఒకచోట ఆన్, ఇంకోచోట ఆనా అయిందని ఆయనే చెప్పేవాడు. మా వాడకట్టుకు వచ్చేసరికి అన్నమ్మ. అక్క గద్వాల వైపు కోడలుగా పోయాక, కన్నడం కలిసిన ఆ ఊళ్లో హన్నవ్వ. చిన్నప్పుడు తోటిపిల్లలు నన్ను ఏడిపించేవాళ్లు: "మీ అక్క అన్ననారా, అమ్మనారా?" టీచరునై ఇన్నేండ్లయినా ఆ ప్రశ్న నాకు సిలబస్ బయటే ఉంది.

ఇన్ని పేర్లలో ఏదీ ఆమె కాగితాల మీద లేదు. కూలికి పోయే మా ఇండ్లల్లో చర్చికి ఒక పేరు, బడికీ కులం సర్టిఫికెట్‌కూ ఇంకో పేరు ఉండడం మామూలే. చర్చి పేరు కనపడితే సర్టిఫికెట్ రాదని నాయన భయం. ఆధార్‌లో ఉన్న ఆ రెండో పేరుతో అక్కను పిలిచినవాళ్లు లేరు. ఆమె బడికి పోయింది నాలుగు నెలలే. తర్వాత అమ్మానాయనల వెంట వలస పనికి పోయింది, నన్ను చంకనేసుకుని.

పోయిన ఏడాది అక్కకు కడుపులో గడ్డ అన్నారు. రక్తం పోయి పోయి మనిషి పాలిపోయింది. వనపర్తిలో మా ఇంట్లోనే పెట్టుకున్నాం. నాగర్‌కర్నూల్ దవాఖానకు ఆపరేషన్ చేసే డాక్టరు వారానికి ఒక్కరోజే వస్తాడు. ఆలస్యం చేయొద్దని ముందే చెప్పారు. తెల్లవారంగనే బస్సెక్కి, బిజినేపల్లి దాటి, అందరికన్నా ముందు పోయి బెంచీ మీద కూర్చున్నాం.

నర్సమ్మ ఒక పేరు పిలిచింది. మళ్లీ పిలిచింది. మూడోసారి గట్టిగా అరిచింది.

"ఎవరో పాపం, టైముకు రాలేదు" అన్నాను.

"దూరంకెల్లి రావాలె గదరా. బస్సు దొర్కలేదేమో" అంది అక్క.

ఆ రాని మనిషి మీద జాలిపడుతూ ఇద్దరం మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఆ రాని మనిషి అక్కే. ఆధార్ చూపించి ఆ పేరుతో చీటీ రాయించింది నేనే. రోజూ నలభై పేర్లు పిలిచి హాజరు వేసే నాకు తట్టలేదు. లేచి అడిగేసరికి డాక్టరు వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో అక్క నా భుజం మీద తలవాల్చి పడుకుంది. తిట్టినా బాగుండేది. ఈ ఏడు రోజుల్లో ఏమన్నా అయితే?

ఆ వారమంతా ఇంట్లో అందరూ ఆమెను కాగితం పేరుతోనే పిలిచారు, అలవాటు కావాలని. నా భార్య అట్లా అన్నానికి పిలిస్తే అక్క నవ్వింది. "గట్ల పిలువకు పిల్లా. ఎవరో చుట్టమొచ్చినట్టున్నది. లేసి చాప ఎయ్యబుద్ధయితుంది."

నేను మాత్రం పిలవలేకపోయాను. అక్కను పేరు పెట్టి పిలిచే నోరు నాకు లేదు.

తర్వాతి వారం నర్సమ్మ సగం పేరు పలికేసరికే అక్క లేచి నిలబడింది.

రెండు గంటలన్న ఆపరేషన్ నాలుగు గంటలైంది. బయటికి తెచ్చాక కూడా కండ్లు తెరవలేదు. నర్సమ్మ చెంప తట్టి, కాగితం పేరుతో పిలిచింది. కదలిక లేదు.

"మీరు పిలువుండ్రి సార్. మీ గొంతు గుర్తుపడ్తది."

"అక్కా" అన్నాను. పలకలేదు.

"ఈడ అందరు అక్కలే గద సార్! పేరు పెట్టి పిలువుండ్రి. జర జల్ది."

చెవి దగ్గరికి వంగాను.

"హన్నా."

కృప అని అర్థమున్న మాటను ఎవరైనా అంత భయంతో పలికి ఉంటారా, నాకు తెలియదు. మళ్లీ అన్నాను. "హన్నా."

కండ్లు తెరుచుకోలేదు. పెదవులు మాత్రం మెల్లగా కదిలాయి.

"పేరు వెట్టి పిలుస్తవారా... సిగ్గులేదూ?"

నర్సమ్మ నవ్వుతూ నాడి పట్టుకుంది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.