గాలి లేని చోట చప్పుడు

ఈ రోజు భీమవరంలో మ్యాట్నీకి వెళ్ళాను. తెలుగులోకి డబ్బింగ్ చేసిన అంతరిక్షం సినిమా. తెర మీద రాకెట్ ఢామ్మని పేలగానే, పక్క సీట్లో ఉన్న మా ఊరి రొయ్యల రైతు, "మాస్టారూ, అక్కడ గాలే ఉండదు కదండి, అంత చప్పుడెలా వచ్చిందండి?" అన్నారు.

సైన్సు మాస్టారిని, ఊరుకుంటానా! "ఇలాంటివి అర్థం కావాలంటే కాస్త చదువుకోవాలండి" అన్నాను గట్టిగా. వెనక వరసంతా నవ్వింది.

ఇంటర్వెల్లో ఆయనే నాకు సోడా కొనిచ్చి, మెల్లగా అన్నారు. "మా పాప చెప్పిందండి. గాజు జాడీలో గాలి తీసేస్తే గంట మోగినా వినపడదని మీరే క్లాసులో చూపించారంటండి."

ఆ తర్వాత తెర మీద పేలినవన్నీ నా చెంప మీదే పేలాయి. రేపు మొదటి పీరియడ్ ఆ పాప క్లాసే. ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటారు?