కోతులు ఎత్తుకపోయిన కట్టె అరటిపండ్లు

నవ్వకుండ ఇంటమంటెనే చెప్త! నిన్న మా నిర్మల్ బొమ్మల కార్ఖానకు కలెక్టర్ సాబ్ వచ్చిండు. జీపు దిగంగనే అందరు నమస్తే పెట్టిండ్రు. సూపర్వైజర్‌ని నేనే కనవడలే. యాడున్ననో ఎరుకేనా? కప్పు మీద! కోతుల నడుమ!

సంగతేందంటే, మేం చేసే కట్టె పండ్లు పట్నంల ఎగ్జిబిషన్‌కు పంపాల్నా వద్దా అని చూడనీకె సాబ్ వస్తుండు. నచ్చితే ఆరు నెలలు చేతి నిండ పని. నచ్చకుంటే కార్ఖాన తలుపుకు తాళమే. అందుకని పొద్దుగాలనే అందర్ని నిలవెట్టి మీటింగ్ పెట్టిన. "ఏమన్న కానీ, ఎవ్వరు పరేషాన్ కావొద్దు! ఒకరు తడబడితే ఇంకొకరు అందుకోవాలె!" అని గొంతు చించుకున్న.

రంగులేసే రాజవ్వ మెల్లగ అన్నది, "సారూ, అరటిపండ్ల రంగు ఇంకా ఆరలే."

"వాకిట్ల ఎండకు పెట్టుండ్రి!"

చెక్కుడు పని జేసే లింగు కాక తల గోక్కున్నడు. "వద్దు సారూ, కోతులొస్తయ్."

"కోతులు కట్టె తింటయా కాకా?" అని పెద్ద తెలివిగల్లోని లెక్క నవ్విన.

పావుగంట కాలే. గోడ మీది నుంచి ధబధబ దుంకినయ్! నేను "హేయ్! హేయ్!" అనుకుంట ఉరికేలోపల అరటిపండ్లన్ని కప్పెక్కినయ్. ఇగ నాకు మతి పనిజేయలే. నిచ్చెనేసి ఎక్కిన. చివరి మెట్టు మీదికెళ్లి కాలు తీయంగనే నిచ్చెన సర్రున జారి కింద పడి రెండు ముక్కలైంది. గప్పుడే దూరంగ జీపు హారన్!

"కాకా! రాజవ్వా! యూసుఫ్! సచ్చిన్రా నాయనా!" అని ఒక్కటే ఒర్లుడు. ఎవరు? నేనే!

కిందున్నోళ్లు మాత్రం జర కూడ బెదరలే. వార్నిష్ పూసే యూసుఫ్ సందు మొగల పండ్ల బండి కాడికి ఉరికి, నిజం అరటిపండ్ల గెల పట్టుకొచ్చి ఒక్కొక్కటే పైకి ఇసిరిండు. "ఫికర్ చెయ్యకుండ్రి సారూ! మంచియి దొరికితే అయ్యే వదిలేస్తయ్!" నిజమే, కోతులు కట్టెవి పారేసి అసలుయి అందుకున్నయ్. నేను ఒక్కొక్కటి కిందికి జారవిడిస్తే లింగు కాక తన ధోవతిల పట్టిండు. రాజవ్వ తుడిచి, గీతలు పడ్డకాడ కుంచె తిప్పింది.

ఒక పండు మీద మాత్రం పంటి గాటు అట్లనే ఉన్నది. జీపు దిగి వచ్చిన కలెక్టర్ సాబ్ దాన్నే చేతిలకు తీసుకున్నడు. నేను కప్పు అంచుకెళ్లి తొంగి చూసిన.

"ఇదేమిటి?" అన్నడు.

"కోతి కొరికింది సాబ్," అన్నది రాజవ్వ, దాపరికం లేకుండ. "మా పని జూసి పండే అనుకున్నది."

సాబ్ పడి పడి నవ్విండు! "ఇది ముందు పెట్టి పంపండి!" అన్నడు. వాకిట్ల ఇరిగిన నిచ్చెన, అరటి తొక్కలు జూసి, "ఇంత గడబిడలో ఒక్కరు కూడా బెదరలేదే! మీ సూపర్వైజర్ ఎక్కడ?"

అందరు తలలెత్తి నా దిక్కు జూసిండ్రు. ఏం జేస్త? ఏం కానట్టే కాలు మీద కాలేసుకొని, పక్కనున్న అరటిపండు అందుకొని, దర్జాగ కొరికిన.

కటుక్కుమన్నది!

కోతైనా ఒక్క గాటుకే తెలుసుకున్నది. నేను రెండోసారి కూడ కొరికిన.