ఊరంతా చూసిన వెలుగు

ఆ రోజుల్లో మా వైపు జనం ఆకాశాన్ని చూసినంతగా ఏ పైలట్టూ చూసి ఉండడు. రాప్తాడు దగ్గర మా ఊళ్లో పొద్దున లేచినవాళ్లు మొహం కడగకముందే (కడగడానికి నీళ్లుంటే కదా) తలెత్తి మబ్బుల కోసం వెతికేవాళ్లు. శనక్కాయ చేలు ఎండిపోయాయి, పశువులు సంతకు పోయాయి, ఇక కింద చూడ్డానికి ఏమీ మిగల్లేదు. అలాంటి ఊరి నుంచి యుద్ధవిమానం నడపడానికి వెళ్లినవాడు మా చిన్నాయన ఒక్కడే. ఆయన ఒక వేసవిలో దిగాలుగా ఇంటికొచ్చి, "ఆకాశంలో ఒక వెలుగు చూసినా. నా పక్కనే వచ్చె. నేను తిరిగితే అదీ తిరిగె. ఉన్నట్టుండి మాయమాయె" అని చెప్తే ఎవరూ ఆశ్చర్యపోలేదు. "దాంట్లో వాన ఉన్నిందా?" అని మాత్రం అడిగారు.

అసలు బాధ వేరే. కిందికి దిగగానే చిన్నాయన చూసింది చూసినట్టు పైవాళ్లకు చెప్పాడు. పక్క విమానంలో ఎగిరిన స్నేహితుడేమో తాను ఏమీ చూడలేదన్నాడు. దాంతో చిన్నాయన మనసు బాగాలేదేమోనని అనుమానపడి, విమానం ఎక్కనీయకుండా సెలవు మీద పంపారు. (ఎగరడం తప్ప ఇంకేదీ చేతకాని మనిషి, సైకిలు మీద నుంచి కూడా పడేవాడు.) ఇంట్లోవాళ్లతో మాట్లాడి సంగతి తేల్చడానికి ఒక పెద్ద ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది.

మా ఊళ్లో పంచాయితీ జరిగితే మనవాడి తరఫున సాక్ష్యం చెప్పడం మర్యాద. చూశామా లేదా అన్నది తర్వాతి మాట. అవ్వ ఇంటింటికీ తిరిగింది. "నా కొడుకు ఒగడే చూసినాడంటే పిచ్చోడంటారు. ఊరంతా చూసినామంటే ఏమంటారప్పా?" ఈ లెక్క ఊరందరికీ నచ్చింది, డిగ్రీ చదువుతున్న నాకూ నచ్చింది.

ఆఫీసరుకు తెలుగు రాదు. ఇంగ్లీషులోకి మార్చి చెప్పే పని నా మీద పడింది. మొదట గొర్రెలు కాసే మామ ముందుకొచ్చాడు. "నేనూ చూసినా సార్. సంగటి ముద్దంత ఉన్నింది, తెల్లగా. నా గొర్రెలు గూడా చూసినాయి."

"నీకు కండ్లు యాడుండాయి?" అని మా మేనత్త తగులుకుంది. "పచ్చగా ఉన్నింది, బండి చక్రమంత! మా మిద్దె మీదే దిగింది సార్."

దిగాక ఏమైందని ఆఫీసరు అడిగాడు.

"నీళ్లడిగినారు. లేవని పంపిచ్చేసినా."

నేను ఒక్క ముక్క వదలకుండా, వ్యాకరణం తప్పకుండా ఇంగ్లీషులో చెప్పాను. (నా ఇంగ్లీషును మెచ్చుకుంటాడేమోనని ఆఫీసరు మొహం కూడా చూశాను.) "ఇంకా శానామంది ఉండారు సార్, బయట నిలబెట్టినా" అంది అవ్వ గర్వంగా. అరుగు మీద చిన్నాయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆఫీసరు ఆయన భుజం తట్టి జీపెక్కాడు.

చిన్నాయన మళ్లీ విమానం ఎక్కలేదు. కొన్నాళ్లు ఆఫీసులో కూర్చోబెట్టారు. అది భరించలేక ఉద్యోగం మానుకుని వచ్చేశాడు. వచ్చి వేయించిన బోరులోనూ దుమ్మే లేచింది. ఆ బోరు దగ్గరే ఒకసారి అడిగాను, ఊరివాళ్ల మీద కోపం లేదా అని. చేతుల దుమ్ము దులుపుకుంటూ అన్నాడు: "పక్కన ఎగిరి, చూసినోడు చూళ్లేదన్నాడు. చూడనోళ్లు ఊరంతా నా కోసం చూసినామన్నారు. ఎవరి మీద పెట్టుకోమంటావమ్మా కోపం?"

ఇప్పుడు నా కూతురు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. సాయంత్రం మిద్దె మీద అది, "అమ్మా, ఆడ ఏదో వెలుగు పోతాంది" అంది. చూస్తే ఏమీ లేదు. వెంటనే నుదురు పట్టి చూశాను (నాకు అన్నీ జ్వరాలుగానే కనిపిస్తాయి). కళ్ల డాక్టరు, నరాల డాక్టరు, అందరూ నా మనసులో వరసగా నిలబడ్డారు. వాళ్ల వెనక, ఒక్క ముక్క పొల్లుపోకుండా ఇంగ్లీషు మాట్లాడుతున్న ఆనాటి నేనూ కనిపించాను. నవ్వొచ్చింది.

"అవును, నేనూ చూసినా" అన్నాను.

"ఎంతుండాది?" అని నిలదీసింది.

"సంగటి ముద్దంత."