ఊనా తిప్పిన గేర్లు

క్లాంకరీ అనే చిన్న ఊళ్లో డెస్ కిల్గారిఫ్ షెడ్డు మా ఇంటి పక్కనే. ఏ బండి వెనక యాక్సిల్ మూలిగినా చుట్టుపక్కల పశువుల ఫారాలవాళ్లు అతని దగ్గరికే వచ్చేవాళ్లు. ముప్ఫై ఆరేళ్లు అదే పని. బేరింగులు లాగే పుల్లర్, బిగువు చూసే టార్క్ రెంచి, వెంట్రుకలో సగం తేడానైనా పట్టే డయల్ గేజి, వీటిని భార్య ఊనాని కూడా ముట్టనిచ్చేవాడు కాదు.

అరవై రెండో ఏట చేతులకు వణుకొచ్చి షెడ్డు మూసేశాడు. ఆ ఏడే ఊనాకి కిడ్నీలు చెడిపోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్‌కి మౌంట్ ఐసా ఆసుపత్రికి వెళ్లాలి. రానూ పోనూ రెండొందల నలభై కిలోమీటర్లు. రెండో నెలలో వాళ్ల బండి వెనక నుంచి ఊళలాంటి చప్పుడు మొదలైంది.

"బాగుచెయ్యడానికి ఎవరికైనా ఇద్దాం," అంది ఊనా.

"నా బండిని ఇంకొకడు విప్పుతాడా?"

శనివారం పొద్దున వెనక చక్రాలను తిప్పే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్, దింపడానికి నేనూ సాయం పట్టాను. కొత్త గేర్లు బిగించాక పళ్ల మధ్య సందు ఎంతుందో చూడటానికి డెస్ గేజి పెట్టి పెద్ద గేరును ఆడించబోయాడు. చేతి వణుక్కి ముల్లు ఎక్కడా నిలవలేదు.  ఊనా వచ్చి అతని చెయ్యి పక్కకు జరిపింది.

"ఎలా తిప్పాలో చెప్పు."

"మెల్లగా. ఇటు, అటు. ముల్లు ఎంత కదిలింది?"

"పదమూడు గీతలు."

"ఎక్కువ. సరిగ్గా చూశావా?"

"ఇన్నేళ్లూ దగ్గరికి రానివ్వలేదు, ఇప్పుడు కసురుతున్నావా?"

ఆ సందు తగ్గేలా పలచటి ఉక్కు రేకులు మార్చి మళ్లీ బిగించాం. గేరు పళ్లకు పసుపుపచ్చ రంగు పూసి, తిప్పి, ఎక్కడ ఒరుసుకుంటున్నాయో చూశాం. మూడుసార్లు విప్పాం. ఊనా మొహం పాలిపోయింది.

"సోమవారం నా కారులో తీసుకెళ్తాను, ఇక పడుకో," అన్నాను.

"తీసుకెళ్తావులే. ఈ మనిషికి చేతిలో పనుండాలిగా," అంది నెమ్మదిగా.

ఆదివారం మధ్యాహ్నానికి ముల్లు ఏడు గీతల దగ్గర ఆగింది. సోమవారం దారి పొడుగునా చప్పుడే లేదట. డెస్ అద్దం దించి వింటూ, ఏడుస్తూ నడిపాడని ఊనాయే నాకు చెప్పింది.

తర్వాత ఐదు నెలలు బతికింది.

అంత్యక్రియలయ్యాక కూడా డెస్ వారం వారం ఆ మూడు రోజులూ ఒక్కడే మౌంట్ ఐసా వెళ్లొచ్చేవాడు. నర్సులు కాదనకుండా కుర్చీ వేసి టీ ఇచ్చేవాళ్లు. ఆగస్టులో వణుకు ముదిరి, డాక్టరు బండి నడపొద్దన్నారు. ఇప్పుడు ఆ పొద్దుటి వేళల్లో స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా మెట్ల మీద కూర్చుంటాడు. నేనూ వెళ్లి పక్కన కూర్చుంటాను.