కాంతమ్మ గారికి జావ ఇచ్చాను

పదకొండేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. నాలుగు మాటల వాక్యం. రాసింది నేనే, నా గుండ్రటి అక్షరాలతో, నీలం పెన్నుతో. అది అబద్ధం.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లందరి దగ్గరా నాకు చాలా మంచి పేరుంది. భీమడోలులో మా వీధిలో ఎవర్నడిగినా, ఆవిడ లాంటి మనిషి ఉండదండీ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

సుబ్బాయమ్మ గారితో మొదలుపెట్టాలి. కొల్లేరు లంకల వైపు నుంచి వచ్చి మా పక్క వాటాలో అద్దెకు ఉండేవారు. చేపల ప్యాకింగ్ షెడ్డులో పని. చేపల మీద ఐసు పరిచి పరిచి ఆవిడ వేళ్లు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. పొద్దున్నే షెడ్డుకి వెళ్లేముందు రామకోటి నోటుబుక్కులో ఒక పేజీ రాసేవారు. అందరూ రాసేదే, అందులో వింతేం లేదు. వింతంతా పేజీ అడుగున ఉండేది. గళ్లన్నీ నిండాక, సాయంత్రం వచ్చి, కింద చిన్నగా ఒక వాక్యం రాసేవారు. 'రైల్లో ఒకావిడ సంచి దింపాను.' 'గేటు దగ్గర కుక్కకి నీళ్లు పెట్టాను.' రాముడి పేరు రాస్తే చాలదట. ఆ రోజు ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెయ్యాలట. లేకపోతే ఆ పేజీ ఆయన చూడడట. ఇది ఎవరు చెప్పారండీ అని అడిగాను ఒకసారి. ఎవరూ చెప్పలేదమ్మా, నాకే అలా తోచింది అన్నారు.

ఇంకో రెండు పుస్తకాలు మిగిలాయనగా ఆవిడకి పెన్ను పట్టుకోవడం రాకుండా పోయింది. నీ దస్తూరీ బాగుంటుంది, మిగతావి నువ్వు రాసిపెట్టమ్మా అని నన్నడిగారు. పేజీ, కింద వాక్యం, రెండూ. నేను పొంగిపోయి ఒప్పుకున్నాను.

అప్పుడు నేను ఏలూరులో ఒక ఆఫీసులో గుమస్తాని. రోజూ రైల్లో కూర్చుని పేజీ రాసేదాన్ని. రాముడి పేరు విషయంలో ఏనాడూ మోసం చెయ్యలేదు, ఒక్క గడి కూడా వదల్లేదు. ఇది ఎందుకు చెబుతున్నానో నాకే తెలీదు. మీ దగ్గర కూడా కాస్త మంచిదాన్ననిపించుకోవాలనా?

మొదటి పదిహేను రోజులు కింద వాక్యాలు కూడా నిజమే. తర్వాత ఒకరోజు ఏమీ చెయ్యలేదు. ఖాళీగా వదలడానికి చెయ్యి రాలేదు. 'నిండు గర్భిణీకి సీటు ఇచ్చాను' అని రాశాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ వాక్యం! ఆవిడ చీర రంగు కూడా కళ్లకి కట్టింది. ఇప్పటికీ నాకు ఆశ్చర్యం అదే. లేచి నిలబడి సీటు ఇవ్వడం కంటే, లేని మనిషిని సృష్టించి ఆవిడకి సీటు ఇవ్వడం నాకెందుకు సులువైంది?

ప్రతి శనివారం సాయంత్రం సుబ్బాయమ్మ గారు వచ్చి నా చేత ఆ వారం వాక్యాలు చదివించుకునేవారు. ఒక్కోదాని దగ్గరా నన్ను ఆపి, అప్పుడు ఆవిడేమందమ్మా, నవ్విందా అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. ఇంకా కల్పించి చెప్పేదాన్ని. ఆవిడ కళ్లు చెమర్చేవి. నాకూ ఒక్కోసారి చెమర్చేవి, సిగ్గులేకుండా.

ఆ శనివారం కూడా అంతే. మా వెనక వీధిలో కాంతమ్మ గారని ఒకావిడ ఒంటరిగా ఉండేవారు. పూలు కట్టి గుడికి ఇచ్చేవారు. ఆవిడకి జ్వరమని కొళాయి దగ్గర విన్నాను. సాయంత్రం వెళ్దామనుకున్నాను. ఈలోగా సుబ్బాయమ్మ గారు వచ్చే వేళైంది, ఆ రోజు పేజీ కింద ఖాళీగా ఉంది. ఎలాగూ వెళ్తాను కదా, రాయడం ముందు, చెయ్యడం తర్వాత, అంతేగా అనుకుని రాసేశాను. 'కాంతమ్మ గారికి జావ ఇచ్చాను.'

సుబ్బాయమ్మ గారు చేతిలో మూతపెట్టిన స్టీలు గిన్నెతో వచ్చారు. వాక్యం విని, హమ్మయ్య, నేనూ అక్కడికే బయల్దేరానమ్మా, నువ్వు చూసుకుంటున్నావుగా అని ఆ గిన్నె మా గట్టు మీద పెట్టేశారు. మర్నాడు పొద్దున్నే తను ఊరెళ్లాలట, మంగళవారం గానీ రారట. రేపు కూడా వెళ్తావుగా అని అడిగారు. వెళ్తానండి అన్నాను.

వెళ్లలేదు. శనివారం వెళ్లలేదు, ఆదివారం వెళ్లలేదు. సోమవారం రైలెక్కి ఏలూరు వెళ్లిపోయాను. వాన లేదు, నాకు ఒంట్లో బాగానే ఉంది, ఇంటికి చుట్టాలెవరూ రాలేదు. సాకు కోసం ఏళ్ల తరబడి వెతికాను, దొరకలేదు. దొరికింది ఒక్కటే, అది సాకు కూడా కాదు. రాశాక నాకు చేసేసినట్టే అనిపించింది. మనసు తేలికపడింది, ఆ పని అయిపోయింది. గిన్నెలో జావ ఆ రాత్రి నేనే తాగాను.

మంగళవారం పొద్దున పాలావిడ తలుపు తోసి చూస్తే కాంతమ్మ గారు నేల మీద పడి ఉన్నారట. మంచినీళ్ల కోసం లేచి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఏలూరు తీసుకెళ్లారు. బతికారు.

రెండు నెలల తర్వాత కర్ర ఊతంతో మా గుమ్మం దాకా వచ్చారు, నాకోసం కనకాంబరాల మాల తెచ్చారు. ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అమ్మాయ్, సుబ్బాయమ్మ చెప్పిందమ్మా. నువ్వొచ్చి జావ ఇచ్చావంట, మర్నాడు కూడా వచ్చావంట. నాకేమో ఒక్క ముక్కా గుర్తులేదు. ఎవ్వరూ రాలేదని ఆసుపత్రిలో అందరితో అనేశాను. ఏమీ అనుకోకమ్మా."

"అయ్యో, పర్లేదండి. అంత జ్వరంలో ఎవరికి గుర్తుంటుందండి."

ఇదండీ నేను చేసింది. జావ ఇవ్వకపోవడం బద్ధకం, దానికి ఏదో ఒక క్షమాపణ ఉండొచ్చు. కానీ ఆవిడకి గుర్తున్నది నిజం. ఆ నిజాన్ని ఆవిడ చేతిలోంచి తీసుకుని, మీకు మతి తప్పిందండి అని మర్యాదగా చెప్పి పంపాను. మాల తలలో పెట్టుకున్నాను కూడా.

అప్పట్నుంచి కాంతమ్మ గారికి తనమీద తనకే నమ్మకం పోయింది. పొయ్యి ఆపానా, తలుపు వేశానా అని పక్కవాళ్లని అడిగేవారు. మనుషులు వచ్చి తినిపించి వెళ్లినా గుర్తులేని దాన్ని, ఒక్కదాన్నే ఎలా ఉంటాను అని, ఇల్లు ఖాళీ చేసి తాడేపల్లిగూడెంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు.

నేను ఆ వాక్యం ఉన్న పుస్తకం మాత్రం గుడికి ఇవ్వలేదు. కొత్తది కొని మొత్తం మళ్లీ రాసి, అది గుడికిచ్చే కట్టలో పెట్టాను. సుబ్బాయమ్మ గారు తృప్తిగా కన్నుమూశారు, మూడేళ్లయింది. ఆవిడ నా గురించి భజనలో అందరికీ చెప్పడం వల్ల ఇప్పుడు నాకో వాట్సాప్ గ్రూపు ఉంది. రోజూ పొద్దున్నే అందులో ఒక మెసేజ్ పంపుతాను. ఈ రోజు ఒక పేజీ, ఈ రోజు ఒక సాయం. ఆడవాళ్లు చేసి, రాసి పంపుతారు. నేనూ చేస్తున్నాను, నిజంగానే, ఆ మంగళవారం నుంచి ఒక్కరోజు తప్పకుండా. భక్తితోనా, భయంతోనా? భయంతో ఎత్తిన సంచి కూడా అవతలివాళ్లకి బరువు తగ్గిస్తుంది కదా. దేవుడు దాన్ని చూస్తాడా? అడగడానికి సుబ్బాయమ్మ గారు లేరు.

కాంతమ్మ గారూ ఆ గ్రూపులో ఉన్నారు, చెల్లెలి ఫోనులో. చెల్లెలికి చిక్కుడుకాయలు ఒలిచానని, పక్కింటి పాపకి జడ వేశానని పంపుతారు. నిన్న వాయిస్ మెసేజ్ పెట్టారు. చిన్నప్పటివన్నీ గుర్తున్నాయట, పెళ్లిలో తిన్న అరిసెల రుచి కూడా గుర్తుందట, నేను ఇచ్చిన జావ ఒక్కటే ఎలా పోయిందో ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదట. గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలని ఉంది ఆవిడకి.

ఈ పొద్దున గ్రూపుకి ఏమీ పంపలేదు. ఆ పాత పుస్తకం తీశాను. ఆ వాక్యం కొట్టేసి, కింద ఉన్నది ఉన్నట్టు రాశాను. చెయ్యి కాస్త తేలికైంది, చెయ్యి మాత్రమే. ఆవిడకి ఎలా పంపాలో ఇంకా తెలీదు. ముందు మీ ముందు ఒకసారి పైకి అని చూస్తాను.

కాంతమ్మ గారూ, మీ మతి బాగానే ఉందండి. ఆ మూడు రోజులూ ఎవ్వరూ రాలేదు.